గడ్డం మేక గొంతు

మా తాతయ్య ఉద్యోగం చెరపడం. ఇంకెవరి తాతయ్యని అడిగినా ఏదో కట్టాననో, నడిపాననో, నలుగురికి నేర్పాననో చెప్పుకుంటాడు. ఈయన మాత్రం టీవీ స్టేషన్ కింది అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని, పైన జనం చెమటోడ్చి తీసిన కార్యక్రమాలన్నిటినీ ఓపిగ్గా చెరిపి, అందుకు జీతం తీసుకుని, ఇప్పుడు పెన్షన్ కూడా తీసుకుంటున్నాడు.

ఆ రోజుల్లో టేపులు దొరకడం కష్టం. ఒక్కోటి భోజనం పళ్ళెమంత ఉండేది. ఒక కార్యక్రమం ప్రసారమైపోయాక కొన్నాళ్ళు అరలో పడుండేది. తర్వాత పైనుంచి చీటీ వచ్చేది, ఫలానా టేపు ఖాళీ చేసి పంపమని. తాతయ్య చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవాడు, ఆ యంత్రంలోని అయస్కాంతానికి గడియారాలంటే పడదు. టేపుని యంత్రం మీద పెట్టి, మెల్లగా తిప్పి, ఇంకా మెల్లగా పైకెత్తేవాడు. తొందరపడి లాగేస్తే పాత బొమ్మ చొక్కా మీద టీ మరకలా కొంచెం మిగిలిపోతుంది. మా తాతయ్య చేతిలో పడ్డదానికి మరక కూడా మిగిలేది కాదు. చీటీ రానిదే ఏదీ చెరిపేవాడు కాదు, చీటీ వస్తే ఏదీ ఆపేవాడు కాదు. మంత్రిగారి ప్రసంగమైనా, ఫుట్‌బాల్ ఆటైనా, పిల్లల కార్యక్రమమైనా ఆయనకి ఒకటే బరువు.

ఆ పిల్లల కార్యక్రమంలో మా అమ్మమ్మ ఉండేది. ఉండేది అన్నానే గానీ ఎవరికీ కనిపించేది కాదు. బల్ల కింద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఒక చెయ్యి పైకెత్తేది. ఆ చేతికి తొడుక్కునే గుడ్డ బొమ్మ పేరు గడ్డం మేక. బల్ల పక్కన కుర్చీలో ఒక కళ్ళద్దాల మాస్టారు కూర్చుని పిల్లలకి మంచి మాటలు చెప్పేవాడు. ఆయన చెప్పిన ప్రతిదాన్నీ మేక తలకిందులు చేసేది. చేతులు కడుక్కోమంటే సబ్బు తినేది. పెద్దవాళ్ళకి చోటివ్వాలి అంటే లేచి మాస్టారి ఒళ్ళో కూర్చునేది. ఆ చెయ్యి మా అమ్మమ్మదే, ఆ గొంతూ ఆవిడదే.

ఇంట్లో మాత్రం ఆ గొంతు ఒక్కసారి కూడా బయటికి తీయలేదు. మా అమ్మ చిన్నప్పుడు కాళ్ళావేళ్ళా పడి అడిగినా, "మేకని స్టూడియోలోనే కట్టేసి వచ్చానే, ఇంట్లో దానికి గడ్డి ఎవడు వేస్తాడు?" అనేది. అమ్మకి ఊహ తెలిసేసరికి ఆ కార్యక్రమమే ఆగిపోయింది.

పక్కింటావిడ ఒకసారి తాతయ్యని నిలదీసిందట. "సొంత పెళ్ళాం చేసినదాన్ని నీ చేత్తోనే చెరుపుతున్నావు, నీకేమీ అనిపించదా?" అని. తాతయ్య నోరు తెరిచే లోపలే అమ్మమ్మ అందుకుంది. "తిన్నాక గిన్నె కడగరా ఏమిటి? రేపు మళ్ళీ అందులోనే వండాలిగా!"

అంత మాటకారికి చివర్లో మాట పడిపోయింది. ఒక ఉదయం మంచం మీదనుంచి లేవబోయి కూలబడింది, లేపి కూర్చోబెట్టేసరికి నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తర్వాత ఎన్నో ఏళ్ళు బతికింది, సైగలతోనే కాపురం చేసింది, సైగలతోనే తాతయ్యని తిట్టింది. మొన్న చలికాలంలో పోయింది.

అప్పటినుంచి తాతయ్యకి తిమ్మిరెక్కింది. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే గిల్లినా తెలియదు చూడండి, అలా, మనిషి మొత్తానికి. ఏడవలేదు. అన్నం వద్దనలేదు. ఎలా ఉన్నారని అడిగితే "బాగానే ఉన్నాను" అనేవాడు, అడిగినవాళ్ళే ఇబ్బంది పడి వెళ్ళిపోయేవాళ్ళు. స్వెట్టర్ తిరగేసి తొడుక్కుని సాయంత్రం దాకా తిరిగాడు. అమ్మ చెబితే విప్పి, తిప్పి, మళ్ళీ తొడుక్కున్నాడు, అదీ ఎవరో చీటీ పంపినట్టే. టీవీ ముందు కూర్చునేవాడు, శబ్దం మాత్రం తీసేసేవాడు.

ఒక పొద్దున గడ్డం గీసుకుంటూ, అమ్మమ్మ తనని ఎలా పిలిచేదో గుర్తు తెచ్చుకోబోయాడు. "ఏమండోయ్, పాలు పొంగుతున్నాయి." మాటలు వచ్చాయి గానీ గొంతు రాలేదు. కాగితం మీద అచ్చేసిన మాటలు కళ్ళతో చదువుకుంటున్నట్టు ఉంది. ముఖం మీద సబ్బు నురగ అలాగే ఎండిపోయింది. మధ్యాహ్నం మళ్ళీ వెతికాడు, మర్నాడు కూడా వెతికాడు. ఆ చివరి ఏళ్ళ నిశ్శబ్దం వెనక్కి పాకి అంతకుముందు విన్నదంతా తినేసింది. ఇంట్లో ఉన్నది ఒక్కటే వీడియో, మా అమ్మ పెళ్ళిది. తీసినవాడి సంగీత జ్ఞానం పుణ్యమా అని మొదటినుంచి చివరిదాకా బ్యాండు మోతే. అమ్మమ్మ నోరు తెరిచినప్పుడల్లా క్లారినెట్ వస్తుంది.

ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. భార్య గొంతు మర్చిపోయానని ఏ ముఖం పెట్టుకుని చెబుతాడు?

అలాంటి రోజుల్లో మా అమ్మకి ఫోన్ వచ్చింది. సినిమా, టీవీ, కార్టూన్ల చరిత్ర అంతా ఒకచోట పెట్టిన మ్యూజియం ఒకటుంది, అక్కణ్ణుంచి. పాత టీవీ స్టేషన్ కట్టడం పడగొడుతుంటే ఇనప బీరువా వెనక ఒక టేపు దొరికిందట. శుభ్రం చేసి చూస్తే గడ్డం మేక. ఆ కార్యక్రమం మొత్తానికి మిగిలింది అదొక్కటేనట.

అమ్మ తను పనిచేసే పోస్టాఫీసులో కౌంటర్ ముందు జనాన్ని అలాగే వదిలేసి ఇంటికొచ్చింది. "నాన్నా! అమ్మ గొంతు దొరికింది!"

తాతయ్య టీవీ వైపే చూస్తూ, "ఎక్కడ?" అన్నాడు, పోయిన తాళంచెవి దొరికిందంటే అడిగినట్టు. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని, పరధ్యానంగా తాగే నీళ్ళ గ్లాసులోనే చెయ్యి కడిగేశాడు. ఆయన లోపల ఒక్కటే మాట తిరుగుతోంది. వింటే గుర్తొస్తుంది. ఒక్కసారి వింటే చాలు, మళ్ళీ పోనివ్వను.

ఆదివారం ఇద్దరూ బస్సెక్కి వెళ్ళారు.

మ్యూజియం ఒకప్పుడు గోడౌను. లోపల చల్లగా, చీకటిగా, సినిమా హాల్లో ఆట మొదలయ్యే ముందులా ఉంది. మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి ఎదురొచ్చి, "మీకోసమే చూస్తున్నాను తాతగారూ" అంటూ వెంట నడిచింది. మొదటి గదిలో చీలికలున్న గుండ్రటి డబ్బా ఉంది. తిప్పి చీలికల్లోంచి చూస్తే లోపల కాగితం మీది గుర్రం పరిగెడుతుంది. అమ్మ తిప్పింది. తాతయ్య వంగి చూసి, "పరిగెడుతోంది" అన్నాడు. అంతే. తర్వాతి గదిలో పలచటి గాజులాంటి రేకుల మీద రంగులేసిన కార్టూన్ బొమ్మలు, ఒకే కుక్కపిల్ల వంద రకాలుగా చెవి ఎత్తుతూ. ఆ తర్వాత ముక్కాలి పీటల మీద నల్లటి కెమెరాలు. తాతయ్య అన్నిటినీ చూశాడు, బస్సు కిటికీలోంచి దుకాణాల బోర్డులు చూసినట్టు.

టీవీల గదిలో ఒక పాతకాలం ఇంటి ముందుగది కట్టి పెట్టారు. తలుపులున్న చెక్క టీవీ, ఎదురుగా పూల గుడ్డ సోఫా. తాతయ్య తాడు దాటి తిన్నగా వెళ్ళి ఆ సోఫాలో కూర్చున్నాడు. కాపలాదారు పరుగెత్తుకొచ్చాడు.

"పెద్దాయనా, అది కూర్చోవడానికి కాదు, చూడ్డానికి!"

"సోఫాని ఏం చూస్తాం నాయనా?" అన్నాడు తాతయ్య, మెల్లగా లేస్తూ.

"మా నాన్నకి కాళ్ళు నొప్పులండీ" అంది అమ్మ.

"నాకు ఏ నొప్పులూ లేవు" అన్నాడు తాతయ్య. నిజమే మరి. ఆయనకి ఏ నొప్పీ తెలియడం లేదు.

మూలన ఆయన యంత్రం కూడా ఉంది. అదే కాకపోయినా దాని అన్నదమ్ముల్లో ఒకటి. దగ్గరికి వెళుతూ తాతయ్య చేతి గడియారం విప్పి చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అదెందుకు విప్పావు నాన్నా?"

తాతయ్య జేబు తడుముకున్నాడు. యంత్రానికి కరెంటు తీగే లేదు. "అలవాటు" అన్నాడు.

దాని పక్క గాజు పెట్టెలో గడ్డం మేక ఉంది. లోపల చెయ్యికి బదులు కర్ర గుచ్చి నిలబెట్టారు. గడ్డంలో సగం పురుగులు తినేశాయి. ఒక కొమ్ము కొత్తగా కుట్టినట్టుంది. అమ్మ గాజు మీద అరచెయ్యి ఆనించి, "ఎంత చిన్నగా ఉంది నాన్నా! నేను దూడంత ఉంటుందనుకునేదాన్ని" అంది. తాతయ్య చూశాడు. ఏమీ కలగలేదు. గుడ్డ, దూది, రెండు గుండీలు. ఆయనకి కావలసింది బొమ్మ కాదు.

"రండి, లోపల వేస్తున్నాం" అంది మ్యూజియం అమ్మాయి.

చిన్న గది, నాలుగు బెంచీలు, ఎదురుగా తెర. తాతయ్య ముందు బెంచీ మీద కూర్చుని, బాగా వినపడే చెవి తెర వైపు తిప్పాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. దీపాలు ఆరాయి.

గీతలు గీతలుగా బొమ్మ వచ్చింది. కళ్ళద్దాల మాస్టారు కుర్చీలో కూర్చుని, "ఈ రోజు మన గడ్డం మేక ఎక్కడికి పోయిందో!" అన్నాడు. బల్ల వెనకనుంచి మేక తల లేచింది.

"నమస్కారం పిల్లలూ. ఈ రోజు మనం పళ్ళు తోముకోవడం గురించి తెలుసుకుందాం."

అమ్మ చెయ్యి బిగుసుకుంది. ఆ చీకట్లో ఆవిడ వెక్కడం తాతయ్యకి వినిపించింది.

తాతయ్య తెర వైపు ఇంకాస్త వంగాడు. మేక ఎడమ వైపుకి వాలి మాట్లాడుతోంది. మా అమ్మమ్మ ఎడమచేతి మనిషి, ఆవిడ మేక ఎప్పుడూ రెండో వైపుకి వాలేది. ఆ గొంతు కూడా. అమ్మమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు రాలేదు గానీ, ఇది కాదని మాత్రం తెలిసిపోయింది. ఎవరి పేరో నోటిదాకా వచ్చి రాకపోతే, పక్కవాళ్ళు తప్పు పేరు అందిస్తే కాదని తెలుస్తుంది కదా, అలా. మేక ఒక్కో మాటనీ విడదీసి, పొడిగా, స్పష్టంగా పలుకుతోంది. రేపు ఓ మోస్తరు వాన పడవచ్చని చెబుతున్నట్టు.

అప్పుడు మొత్తం గుర్తొచ్చింది. అది వాతావరణం చదివే ఆవిడ. అమ్మమ్మ కాన్పుకి ఆసుపత్రిలో చేరినప్పుడు, ఆ ఒక్కసారి, మేకలో చెయ్యి పెట్టింది ఆవిడే. అమ్మమ్మ ఆసుపత్రి మంచం మీదనుంచే కబురు పంపింది. "ఆ టేపు చెరపనివ్వకండి. నా మేకని ఏం చేసిందో నేను చూడాలి." అందుకని తాతయ్య దాన్ని బీరువా వెనక దాచాడు. అమ్మమ్మ తిరిగొచ్చి చూసింది. పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇది మేక కాదు, మేక చర్మం కప్పుకున్న పంతులమ్మ. దీన్ని ముందు చెరిపేయండి, నా పరువు పోతుంది" అంది. తాతయ్య సరేనన్నాడు. కానీ దాని చీటీ అప్పటికే వచ్చేసింది, ఉద్యోగం మొత్తంలో ఆ ఒక్కసారే చీటీని కాదని దాని బదులు వేరే టేపు పంపేశాడు. కొత్త చీటీ రాలేదు. చీటీ రానిదే ఆయన ఏదీ చెరపడు. అది అక్కడే ఉండిపోయింది.

ఉంచాల్సినవన్నీ చెరిపాడు. పెళ్ళాం నోరారా చెరపమన్నది ఒక్కటీ మిగిల్చాడు.

ఆయనకి నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఖాళీ గదిలో స్విచ్చి వేస్తే దీపం వెలగనట్టు ఉంది. తెర మీద మేక పళ్ళు తోముకుంది, వేళ తప్పకుండా, పద్ధతిగా. వెనక బెంచీలో ఎవరో పిల్ల "అమ్మా, వెళదాం" అంది.

దీపాలు వెలిగాయి. అమ్మ ముఖమంతా తడి. "అమ్మే కదా నాన్నా? ఆ 'పిల్లలూ' అనడం చూడు, అచ్చం అమ్మే!"

"ఆ" అన్నాడు తాతయ్య. అనాలని అనలేదు, నోట్లోంచి వచ్చేసింది.

మ్యూజియం అమ్మాయి కూడా కళ్ళు తుడుచుకుంది. "మీకొక కాపీ ఇస్తాం. తెర పక్కన ఆవిడ పేరు పెట్టి, గొంతు, చెయ్యి ఈవిడవే అని రాస్తాం. ఫోటో ఉంటే ఇవ్వండి, అదీ పెడదాం."

అమ్మ అప్పుడే సంచీలోంచి ఫోటో తీస్తోంది. ఇంటినుంచే తెచ్చుకుంది పిచ్చిది.

తాతయ్య ఫోటో వైపు చూశాడు. ఊరుకుంటే సరిపోతుంది. కూతురికి తల్లి గొంతు ఉంటుంది, రోజూ పెట్టుకుని వింటుంది. ఒక్క మాట అంటే ఇదీ చెరిగిపోతుంది, ఇక మిగిలేదేమీ లేదు. ఇంతవరకూ ఆయన పైనుంచి చీటీ వస్తేనే చెరిపాడు. ఇప్పుడు పైన ఎవరూ లేరు.

ఫోటోలో అమ్మమ్మ నోరు తెరిచి నవ్వుతోంది. ఈ పంతులమ్మ మేక పక్కన జనమంతా చూసేలా దాన్ని గోడకి తగిలిస్తే, ఆవిడ ఏ సైగ చేసేదో తాతయ్యకి తెలుసు.

"అది మా ఆవిడ కాదమ్మా" అన్నాడు.

"ఏంటి నాన్నా?"

"వాతావరణం చదివే ఆవిడ. మీ అమ్మ అంత చెడ్డగా చెయ్యదు."

అమ్మ ఇవ్వబోతున్న ఫోటోని వెనక్కి తీసుకుంది. "మరి ఇందాక అడిగితే ఆ అన్నావుగా?"

"అన్నాను."

"మరి ఇప్పుడెందుకు చెప్పావు? చెప్పకపోతే నీ సొమ్మేం పోయేది? నేను విన్నాను, ఏడ్చాను, బాగుంది! అందులో ఉన్నది అమ్మ కాకపోతే, మరి అప్పుడు అమ్మ ఎక్కడుంది?"

"నిన్ను కంటోంది" అన్నాడు తాతయ్య.

మ్యూజియం అమ్మాయి అటూ ఇటూ చూసి, ఏదో ఒకటి అనాలని, "మరి ఆవిడ ఎలా చేసేవారు తాతగారూ? కాస్త చెబితే అదైనా రాసి పెడతాం" అంది.

"గుర్తు లేదమ్మా."

"ఎలా ఉండేదో కొంచెమైనా?"

"మేక గొంతే కాదు, ఆవిడ గొంతే గుర్తు లేదు. దాని కోసమే వచ్చాను."

వాతావరణం చదివినంత పొడిగా చెప్పాడు. అమ్మ కాసేపు ఆయన ముఖంలోకి చూసింది. ఫోటోని సంచీలో పెట్టుకుంది. ఆయన జేబులోంచి గడియారం తీసి చేతికి పెట్టింది. "పద" అంది.

బస్సులో కిటికీ పక్క సీటు తాతయ్యకిచ్చి తను పక్కన కూర్చుంది. మార్కెట్ దాటాక ఉన్నట్టుండి సన్నగా, "నమస్కారం పిల్లలూ" అంది.

తాతయ్య తల తిప్పాడు. "ఏంటది?"

"మేక. ఇలా ఉండేదా?"

"కాదు."

"నమస్కాఆఆరం పిల్లలూ."

"కాదు. అది అసలు నమస్కారమే పెట్టేది కాదు."

"మరేమనేది?"

"లేవగానే, 'ఎవడ్రా నా గడ్డి తిన్నది' అనేది మాస్టార్ని."

"ఎవడ్రా నా గడ్డి తిన్నది" అంది అమ్మ. పోస్టాఫీసు కౌంటర్ మీద పార్సిల్ తూకం వేసే గొంతు. ముందు సీటాయన వెనక్కి చూశాడు.

"కాదు. ముక్కులోంచి."

"ముక్కులోంచి ఎంత?"

"అంత కాదు."

"నాన్నా, గుర్తే లేదన్నావు, వంకలు మాత్రం బాగా పెడుతున్నావే!"

"అది కాదంటే కాదే మరి."

అమ్మ చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని మళ్ళీ అంది. కాదు. బొంగురుగా అంది. కాదు. ముందు సీటాయన చెవుల్లో పాటలు పెట్టుకున్నాడు. నవ్వుతూ అంటే, "మధ్యలో నవ్వేది, చివర కాదు" అన్నాడు తాతయ్య. ఆ సంగతి తనకెలా తెలుసో ఆయనకే తెలియలేదు. కాసేపు ఆ మాటనే పట్టుకుని కూర్చున్నాడు. అమ్మ గొంతు బొంగురుపోయింది, దగ్గు వచ్చింది, ఇక చాలనుకుని ఊరుకుంది. తాతయ్య కిటికీలోంచి దుకాణాల బోర్డులు చూశాడు.

మా వీధి మలుపు వచ్చింది. తాతయ్య లేవలేదు. అమ్మ సంచీ భుజానికి తగిలించుకుని, అలిసిపోయి, విసుగొచ్చి, ఆ విసుగులోనే నవ్వొచ్చి, "లేవండి మహానుభావా! మీ కోసం బస్సు ఇంట్లోకి రాదు!" అంది.

తాతయ్య కాదనలేదు.

అమ్మ నిలబడి చూసింది. ఆయన రెండు చేతులూ ముందు సీటు కమ్మీ మీద ఉన్నాయి. ఎక్కేవాళ్ళు ఎక్కారు, దిగేవాళ్ళు దిగారు.

"ఇంకోసారి అను" అన్నాడు.

"ఏమని?"

"ఇప్పుడన్నదే."

"నాన్నా, మన స్టాపు. బస్సు వెళ్ళిపోతోంది."

"వెళ్ళనీ, అను."